పదహారో అంకె పోతోంది, పట్టించుకోండి

సంపాదకుడికి,

కార్డులు, ఖాతాలు, దరఖాస్తులు, లబ్ధిదారుల జాబితాలు... ఎక్కడ చూసినా మనిషి పేరు పక్కన ఓ పొడవాటి సంఖ్య ఉంటోంది. దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో మామూలు అంకెల్లా ఎక్కించేస్తే ఏమవుతుందో తెలియడానికి 9007199254740993 అనే ఒక్క సంఖ్య చాలు.

రెండును 53 సార్లు వేసి గుణించి, ఒకటి కలిపితే వచ్చేది ఇది. చాలా ప్రోగ్రాములు సంఖ్యను 64 బిట్లలో (అంటే 0 లేదా 1 పట్టే 64 గడుల్లో) దాస్తాయి. ప్లస్, మైనస్ గుర్తుకు 1, సంఖ్య ఎంత పెద్దదో చెప్పే ఘాతానికి 11, అంకెలకు 52. ముందుండే 1ని రాయకుండానే ఉన్నట్టు లెక్కేస్తారు కాబట్టి 53 బిట్ల కచ్చితత్వం వస్తుంది. అందుకే 9007199254740992 దాకా ప్రతి పూర్ణసంఖ్యకూ చోటుంది. ఆ పైన కొంతదూరం సరిసంఖ్యలకే, ఇంకా పైన నాలుగు గుణిజాలకే. చోటు దొరకని మొట్టమొదటి ధన పూర్ణసంఖ్య మనం చెప్పుకుంటున్నదే. వెబ్ పేజీలకు వాడే జావాస్క్రిప్ట్ భాషలో కొట్టి చూడండి, చివరి 3 కాస్తా 2 అవుతుంది. చివర 995 ఉంటే 996 అవుతుంది. అంటే తప్పు ఒకే వైపు కూడా ఉండదు.

ఎక్సెల్ ఇంకాస్త ముందే ఆగిపోతుంది. 15 అంకెలు ఉంచుకుని పదహారోదాన్ని సున్నా చేస్తుంది: 9007199254740990. అంకెలు కొట్టేటప్పుడు హెచ్చరిక ఏమీ రాదు. అంకెల మొత్తం 78 నుంచి 75కు దిగినా రెండూ మూడుతో భాగించబడేవే, కాబట్టి మూడుతో భాగించి చూసే పరీక్షకూ ఇది దొరకదు.

మందు కష్టమైనదేం కాదు. అంకెలు కొట్టకముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చాలి. తర్వాత మార్చితే పోయిన అంకె తిరిగి రాదు. సీఎస్‌వీ ఫైలును (విలువలను కామాలతో విడదీసి రాసే సాదా ఫైలు) డబుల్ క్లిక్ చేసి తెరవకుండా, ఇంపోర్ట్‌లో ఆ వరుసకు టెక్స్ట్ ఎంచుకోవాలి. ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి పంపేటప్పుడు సంఖ్యను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. ట్విటర్ అంతటిది కూడా 2010లో ట్వీట్ల సంఖ్యలను టెక్స్ట్‌గా కూడా ఇవ్వడం మొదలుపెట్టింది ఈ 53 బిట్ల హద్దు వల్లే.

ఇంకో ఉచ్చు ఉంది, ఇది అనుభవజ్ఞులకూ తగులుతుంది. టెక్స్ట్‌గా భద్రంగా ఉన్నా, ఒక విలువ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ఎక్సెల్ సూత్రం కౌంట్ఇఫ్ (COUNTIF) వాటిని మళ్లీ సంఖ్యలుగానే చూసి మొదటి 15 అంకెలు కలిస్తే ఒకటే అంటుంది. వెతికే విలువ చివర నక్షత్రం గుర్తు (*) తగిలిస్తే టెక్స్ట్‌గా పోలుస్తుంది.

జాబితాలు నిర్వహించే కార్యాలయాలకు మీ పత్రిక ద్వారా ఒక్క విన్నపం. పదహారంకెల వరుసలో సంఖ్యలన్నీ సున్నాతోనే ముగుస్తుంటే ఆ ఫైలు చెడిపోయిందనే అనుకోండి. మూల పత్రాలతో సరిచూసేదాకా, ‘రెండుసార్లు నమోదైంది’ అంటూ ఎవరి పేరూ తీసేయకండి.

– ఒక పాఠకుడు