రిపోర్టు నార్మల్ అయితే రోగం లేనట్టేనా?

సంపాదకుడికి,

చెవిలో కీచురాయి కూస్తోందని మా అక్క మొదటిసారి చెప్పినప్పుడు ఫ్రిజ్ మోత అనుకున్నాం. ప్లగ్ తీసేసినా ఆమెకు వినబడుతూనే ఉంది. ఈఎన్‌టీ డాక్టరు వినికిడి పరీక్ష చేయించి, సన్నటి శబ్దాలు కాస్త తక్కువగా వినబడుతున్నాయని, ఇది టిన్నిటస్, అంటే చెవి మోత అని చెప్పారు. ‘మందు లేదు, అలవాటు చేసుకోండి’ అని తర్వాతి పేషెంటును పిలిచారు. నాలుగు నెలలు సరిగా నిద్ర లేదు. ఆ తర్వాత ఎడమకాలు పట్టు తప్పింది. స్కాన్ నార్మల్. ‘ఏమీ లేదమ్మా, టెన్షన్’ అన్నారు ఒక ఆస్పత్రిలో. అక్కడి నర్సయితే నటన అనేసింది. ఇంటికొస్తే చుట్టాలు గాలి సోకిందన్నారు. అక్కకు ఆ మాటే నయమనిపించింది, తనను అబద్ధాలకోరు అనలేదు కదా!

కాలికి వచ్చింది ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ (ఒంట్లో ఏదీ దెబ్బతినకపోయినా మెదడు దాన్ని నడిపే తీరు తడబడే జబ్బు) అని చివరికి మరో ఊళ్లో న్యూరాలజిస్టు తేల్చారు. పైసా ఖర్చు లేని పరీక్షతో. పడుకోబెట్టి, ఎడమ మడమను మంచానికేసి నొక్కమంటే అక్క నొక్కలేకపోయింది. కుడికాలు పైకెత్తమనగానే అదే ఎడమ మడమ తనంతట తాను గట్టిగా నొక్కింది. దీన్ని హూవర్ సైన్ అంటారు, 1908 నుంచీ వైద్యులకు తెలిసిందే. కాల్లో బలం ఉంది, కావాలని కదపబోతేనే మెదడు తడబడుతోంది. డాక్టరు ఆ సంగతి అక్కకే చూపించి చెప్పారు. ఆస్పత్రి నుంచి ఆమె ఏడవకుండా వచ్చింది ఆ రోజే.

చెవి మోత, ఈ జబ్బు ఒకటే అనడం లేదు. చాలామందికి మోత వినికిడి తగ్గడంతో మొదలవుతుంది. లోపలికి అందే శబ్దం తగ్గేసరికి మెదడు తన వాల్యూమ్ పెంచుకుంటుందని ఒక వివరణ. 1953లో అమెరికాలో హెల్లర్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు చక్కగా వినబడే 80 మందిని బయటి చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెడితే, 94 శాతం మంది ఏదో ఒక మోత వినబడిందన్నారు. వాళ్లెవరూ దానితో నిద్ర పోగొట్టుకున్నవాళ్లు కాదు. మెదడు ఆ మోతను ప్రమాదమనుకుని కాపలా కాయడం మొదలుపెడితే వస్తుంది తంటా. రెండింటికీ లంకె ఈ ధ్యాస దగ్గరే ఉంది. అక్క తన కాలినే చూసుకుంటూ నడిస్తే అడుగు పడేది కాదు. ఫిజియోథెరపీ అమ్మాయి మాటల్లో పెట్టి నడిపిస్తే నాలుగడుగులు పడేవి.

అలాగని ప్రతి మోతనూ టెన్షన్ ఖాతాలో వేయకూడదు. ఒక్క చెవిలోనే వినబడినా, గుండె లయతో కొట్టుకున్నా డాక్టరుకు చూపించాల్సిందే. ఉన్నట్టుండి వినికిడి పోతే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

చెవిటితనం నివారణకు కేంద్రం 2007లోనే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. దాని కింద వినికిడి పరీక్ష చేసేవారే, మోతతో వచ్చినవారిని ఓ పావుగంట కూర్చోబెట్టి విషయం చెప్పే ఏర్పాటు జిల్లా ఆస్పత్రుల్లో చేయాలి. న్యూరాలజీ నుంచి ఫిజియోథెరపీకీ, మానసిక వైద్యానికీ ఒకే ఆవరణలో ఒకే చీటీ నడవాలి. మేము మూడు ఊళ్లు తిరిగాం.

అక్క ఇప్పుడు బజారుకు నడిచే వెళ్తోంది. కీచురాయి ఇంకా ఉందట. రాత్రి ఫ్యాన్ వేసుకుంటే దాని సంగతి మర్చిపోతోంది.

– ఒక పాఠకురాలు, తెనాలి