లాక్రాస్‌కు జట్టు కన్నా ముందు గోడ కావాలి: క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశం క్రికెట్‌తో పాటు, చివర నెట్ ఉన్న స్టిక్‌తో బంతిని పట్టి విసిరే లాక్రాస్‌ను కూడా 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో చేర్చింది. ఒలింపిక్ ఆట అనగానే జిల్లాకో జట్టు, సెలక్షన్లు, పతకాలు అంటూ తొందర మొదలవుతుంది. హైదరాబాద్ వేసవి శిబిరాల్లో ఈ ఆట పెడితే, 8 నుంచి 12 ఏళ్ల పిల్లల విషయంలో ఒక్క లెక్కే చూడమని మా మనవి: గంటలో ఒక్కో పిల్లవాడి స్టిక్ నెట్‌లో బంతి ఎన్నిసార్లు పడింది?

20 మందిని ఒకే వరుసలో నిలబెట్టి గోల్‌కు కొట్టిస్తే, మనిషికి 10 సెకన్లు అనుకున్నా మళ్లీ వంతు రావడానికి మూడు నిమిషాలు దాటుతుంది. పది నిమిషాల్లో మూడు షాట్లు, అంతే. వాళ్లనే పది జంటలు చేసి 5 సెకన్లకో పాస్ వేయిస్తే, అదే పది నిమిషాల్లో ఒక్కొక్కరికీ 60 పాస్‌లు, 60 క్యాచ్‌లు దక్కుతాయి. నున్నటి కాంక్రీటు గోడ ఉంటే జంట కూడా అక్కర్లేదు. నాలుగైదు మీటర్ల దూరం నుంచి స్టిక్ మీద కుడిచెయ్యి పైన పెట్టి 50 సార్లు, ఎడమచెయ్యి పైన పెట్టి 50 సార్లు గోడకు విసిరి పట్టుకోవాలి. ఎడమవైపు రాని పిల్లవాడిని ఎదుటివాడు ఒక్క వైపు మూసేసి ఆపేస్తాడు.

కొత్తవాళ్లు విసిరిన బంతి కాళ్ల ముందే పడుతుంది. పై చేతి మోచేయి పక్కటెముకలకు అతుక్కుపోతే పిల్లవాడు బంతిని విసరడు, తోస్తాడు. మోచేయి ఎత్తించి, పై చెయ్యి ముందుకు వస్తుండగానే కింది చేతిని ఒంటివైపు లాగించాలి. అప్పటికీ బంతి నేలకే పోతోందంటే లోపం నెట్‌లో ఉంది. నెట్ లోతు ఎక్కువైనా, దాని పైభాగంలో అడ్డంగా కట్టే తాళ్లు (షూటింగ్ స్ట్రింగ్స్) మరీ బిగిసినా బంతి ఆలస్యంగా వదులుతుంది. దాన్ని సరిచేయడం రాని కోచ్ పిల్లవాడినే తిడతాడు, ఆ పిల్లవాడు మర్నాడు రాడు. కోచ్‌ల శిక్షణలో ఒక పూట పూర్తిగా నెట్ అల్లికకే ఇవ్వండి.

నేల మీది బంతిని నెట్‌లోకి ఎత్తడానికి నడుము కాదు, మోకాళ్లు వంచాలి. కింది చెయ్యి దాదాపు నేలకు ఆనాలి, పరుగు ఆగకూడదు. ఆ చెయ్యి పైకి లేస్తే స్టిక్ నేలలో గుచ్చుకుంటుంది, బంతి ముందుకు దొర్లిపోతుంది. వచ్చే బంతికి చేతులు వెనక్కి ఇవ్వడం గల్లీ క్రికెట్ పిల్లలకు ముందే వచ్చు. ఖో-ఖో ఆడినవాళ్లకు దిశ మార్చడం, కబడ్డీ ఆడినవాళ్లకు కాళ్లతో దారి మూయడం తెలుసు. దయచేసి ఆ ఆటలు మాన్పించి ఇటు తేవద్దు.

ఒలింపిక్స్‌లో ఆడేది సిక్సెస్ పద్ధతి. గోలీ (గోల్‌కీపర్)తో కలిపి జట్టుకు ఆరుగురు, 70 మీటర్ల పొడవు 36 మీటర్ల వెడల్పు మైదానం, 8 నిమిషాల క్వార్టర్లు నాలుగు, బంతి దక్కిన జట్టు 30 సెకన్లలోపు గోల్‌కు షాట్ కొట్టాలి. గోల్ కొట్టబోయినవాళ్లే వెంటనే వెనక్కి పరుగెత్తి కాపాడాలి. అలాంటి ఆటకు పదేళ్ల పిల్లను “నువ్వు డిఫెన్స్” అని ముద్ర వేసి నిలబెడితే సగం ఆటే నేర్పినట్టు. 30 మీటర్లకు 20 మీటర్ల చోటులో, గోలీ లేకుండా, చిన్న గోల్‌తో ముగ్గురికి ముగ్గురు ఆడితే చాలు. అక్కడ దాక్కోవడానికి చోటుండదు.

అసలు బంతి గట్టి రబ్బరుది, సుమారు 145 గ్రాములు. ఛాతీకి తగిలితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. హెల్మెట్, గొంతు కాపు, ఛాతీ కవచం లేని గోలీ మీద ఒక్క షాట్ కూడా వేయించకూడదు. మొదట్లో అదే సైజు మెత్తటి బంతి వాడాలి. టెన్నిస్ బంతి మరీ తేలిక, నెట్‌లోంచి ఎగిరిపోతుంది.

మా విన్నపాలు కొన్నే. చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్‌లోనో, సరూర్‌నగర్‌లోనో ఒక గోడ కేటాయించండి. 24 మంది పిల్లలకు 24 స్టిక్‌లు, పిల్లల ఎత్తుకు తగ్గట్టు పిడి గొట్టం కోసి, కోసిన చివర రబ్బరు మూత బిగించినవి ఇవ్వండి. బంతులు కనీసం 48 కావాలి. వాడగా నునుపెక్కి జారేవాటిని ఎప్పటికప్పుడు మార్చాలి. ఇద్దరు కోచ్‌లు ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో శిక్షణ ఉదయం 8 గంటల లోపు ముగియాలి. 13 ఏళ్లు నిండేదాకా రాష్ట్ర స్థాయి సెలక్షన్లు పెట్టవద్దని ఉత్తర్వు ఇవ్వండి. శిబిరం ముగిశాక కోచ్‌ను గెలుపోటములు అడగకుండా, చేరినవారిలో ఎంతమంది మళ్లీ వచ్చారో, వారిలో ఎంతమంది రెండు చేతులతోనూ పాస్ వేయగలుగుతున్నారో రాసిమ్మనండి.

ఇట్లు,
హైదరాబాద్‌లో పిల్లలకు లాక్రాస్ నేర్పుతున్న వ్యాయామ ఉపాధ్యాయులు