యేల్ పేరు వెనక మన తీరం ఉంది, అదీ రాయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. అమెరికాలో పేరుమోసిన విశ్వవిద్యాలయాల చరిత్ర మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్న మా అక్క మనవడు పేపరు తెచ్చి చూపించాడు. వాళ్లింట్లో ఈ మధ్య మాటలన్నీ అమెరికా చదువుకు కావాల్సిన జీఆర్ఈ పరీక్ష, ఐ-20 పత్రం, వీసా స్లాట్ల చుట్టూనే. వాళ్లమ్మకైతే రోజూ టెన్షనే. మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి ఇళ్లు వీధికి నాలుగు ఉంటాయి కాబట్టి ఆ వ్యాసాన్ని చాలామంది శ్రద్ధగా చదివి, దాచుకుని ఉంటారు. అందుకే ఈ ఉత్తరం. నేను డిగ్రీ కాలేజీల్లో లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను, మచిలీపట్నంలో ఉంటున్నాను.

ముందు ఒక సవరణ. వ్యాసంలో స్టాన్‌ఫర్డ్‌ని, ఎంఐటీని ఐవీ లీగ్‌లో కలిపేశారు. అవి అందులో లేవు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా, పెన్సిల్వేనియా, బ్రౌన్, డార్ట్‌మత్, కార్నెల్, ఈ ఎనిమిదీ కలిసి 1954లో ఆటల పోటీల కోసం పెట్టుకున్న కూటమి అది. ఆ దేశంలో పరిశోధననే ప్రధానంగా పెట్టుకుని 1876లో మొదలైన జాన్స్ హాప్కిన్స్ కూడా అందులో లేదు. ఐవీ లీగ్ కాదంటే తక్కువ చదువని పిల్లలు అనుకోకూడదు.

ఇక నా అసలు బాధ వేరే. ఆ కాలేజీలు ఎలా పుట్టాయో చెబుతూ మతగురువుల దీక్ష, దాతల ఔదార్యం అని రాసి ఆపేశారు. దాతల చేతికి ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో రాయలేదు. యేల్ విషయంలోనైనా తెలుగు పత్రిక ఆ మాట వదిలేయకుండా ఉండాల్సింది.

యేల్ 1701లో మొదలైనప్పుడు దానికి ఆ పేరు లేదు. కనెక్టికట్‌లో పాస్టర్లకు చదువు చెప్పడానికి పెట్టిన చిన్న కాలేజీ అది. కొత్త భవనానికి డబ్బు చాలక అవస్థ పడుతున్నప్పుడు లండన్‌లో ఉన్న ఒక ధనవంతుడికి ఉత్తరాలు రాశారు. ఆయనే ఎలిహు యేల్. పుట్టింది బాస్టన్‌లోనే అయినా చిన్నప్పుడే ఇంగ్లండు వెళ్లిపోయాడు, తన పేరు పెట్టిన కాలేజీని ఎన్నడూ చూడలేదు. 1672లో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా మద్రాసులో దిగి, 1687 నుంచి 1692 దాకా సెయింట్ జార్జి కోటకు గవర్నరుగా ఉన్నాడు. పదవిని సొంత వ్యాపారానికి వాడుకున్నాడన్న ఆరోపణల మీద కంపెనీయే ఆయన్ను తప్పించింది. ఇంగ్లండుకు తిరిగి వెళ్లేనాటికి మాత్రం గొప్ప ఐశ్వర్యవంతుడు.

ఆ ఐశ్వర్యం ఏ సరుకుల మీద వచ్చింది? గుడ్డల మీద, వజ్రాల మీద. గుడ్డలు నేసింది ఈ తీరం నేతగాళ్లు. మచిలీపట్నంలో, నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో, విశాఖపట్నంలో కంపెనీకి ఫ్యాక్టరీలు, అంటే సరుకు కొని నిల్వచేసే వర్తక స్థావరాలు, ఉండేవి. ఆయన మద్రాసులో అడుగుపెట్టిన రోజుల్లో అక్కడ కంపెనీకి పెద్ద వర్తకుడు కాశీ వీరన్న అనే తెలుగువాడు. వజ్రాలు గోల్కొండ రాజ్యానివి. వాటికి పేరుపడ్డ కొల్లూరు గనులు కృష్ణ ఒడ్డున ఉండేవి, ఆ చోటు ఇప్పుడు పులిచింతల నీళ్లలో ఉంది.

అదే కాలంలో, యుద్ధం, కరువు కలిసి జనాన్ని పీల్చేసిన రోజుల్లో, మద్రాసు రేవు నుంచి మనుషుల్ని బానిసలుగా ఓడలెక్కించారు. యేల్ అప్పుడు అక్కడ కంపెనీ పాలన నడిపే కౌన్సిల్‌లో ఉన్నాడు. ఆ కౌన్సిల్ రికార్డులు ఇప్పటికీ ఉన్నాయి, ఎవరైనా చదవొచ్చు.

ఆయన కాలేజీకి పంపింది తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, ఒకటో జార్జి రాజు చిత్రపటం. మూటల్లో మస్లిన్, కాలికో అనే నూలు గుడ్డలు ఉన్నాయి. ఆ సరుకు అమ్మితే 562 పౌన్లు పైచిలుకు వచ్చింది. దానికే 1718లో కాలేజీకి ఆయన పేరు పెట్టారు. పుస్తకాల పని చేసినదాన్ని కాబట్టి ఆ ఏడాదే జరిగిన ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. కాలేజీని సేబ్రూక్ నుంచి న్యూహేవెన్‌కి మార్చినప్పుడు సేబ్రూక్ జనం పుస్తకాలు ఇచ్చేది లేదని ఎదురు తిరిగారు. బళ్లు పాడుచేశారు, దారిలో వంతెనలు విరగ్గొట్టారు. ఆ గొడవలో రెండు వందలకు పైగా పుస్తకాలు మాయమయ్యాయి. తమ ఊరి పుస్తకాల కోసం వంతెనలు విరగ్గొట్టిన ఆ జనం మీద నాకు గౌరవమే. హార్వర్డ్‌కి పేరునిచ్చిన జాన్ హార్వర్డ్ కూడా 1638లో చనిపోతూ సగం ఆస్తితో పాటు నాలుగు వందల దాకా పుస్తకాలు ఇచ్చాడు. 1764 అగ్నిప్రమాదంలో అవన్నీ కాలిపోగా, ఆ వేళకు లైబ్రరీ బయట ఉన్న ఒకే ఒక్క పుస్తకం మిగిలింది. దాన్ని ఇప్పటికీ భద్రంగా ఉంచారు.

నేను ఆ విశ్వవిద్యాలయాలను చిన్నచూపు చూడటం లేదు. వాటి మీద నాకున్న గౌరవం ర్యాంకులవల్ల వచ్చింది కాదు. అవి కాగితాలు దాచుకున్నాయి, తలవంపులు తెచ్చే కాగితాల్ని కూడా తామే బయటపెట్టాయి. ఈ పని మొదట గట్టిగా చేపట్టింది బ్రౌన్ విశ్వవిద్యాలయం. ఐవీ లీగ్‌లో అధ్యక్ష పదవికి వచ్చిన మొదటి నల్లజాతి వ్యక్తి, టెక్సాస్‌లో కౌలు రైతుల ఇంట పుట్టిన రూత్ సిమన్స్ గారు, బానిసత్వంతో తమ సంస్థకున్న సంబంధాన్ని తవ్వి తీయమని 2003లో కమిటీ వేశారు. 2006లో నివేదిక అచ్చయింది. 2022లో హార్వర్డ్ తన నివేదిక ఇచ్చింది. ఒకప్పటి అధ్యక్షులు, అధ్యాపకులు, సిబ్బంది డెబ్బై మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్నారని అందులో ఒప్పుకుని, దిద్దుబాటు పనులకు 10 కోట్ల డాలర్లు కేటాయించింది. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం సంగతి చదివితే కడుపులో దేవేస్తుంది. ఆ కాలేజీ నడిపే జెస్యూట్ అనే క్యాథలిక్ సంఘం పాదరీలు 1838లో 272 మందిని లూసియానా తోటలకు అమ్మారు. ఆ డబ్బులో కొంత కాలేజీ అప్పులు తీర్చింది. అమ్ముడుపోయినవాళ్ల పేర్లు, వయసులు కాగితాల్లో మిగిలాయి కాబట్టే వాళ్ల వారసులు ఇవాళ తమ పెద్దల్ని గుర్తుపట్టగలుగుతున్నారు. 2017లో అక్కడి ఒక భవనానికి ఆ జాబితాలో మొదటి పేరైన ఐజక్ హాకిన్స్ పేరు పెట్టారు. యేల్ 2024 ఫిబ్రవరిలో క్షమాపణ చెప్పింది. దాని ప్రాంగణంలో నిలిచి ఉన్న అతి పాత భవనం కనెక్టికట్ హాల్ కట్టడానికి బానిసలు పనిచేశారని వాళ్ల పరిశోధనలోనే తేలింది. ఎలిహు యేల్ పక్కన మెడకు లోహపు పట్టీతో ఒక నల్లపిల్లవాడు నిలబడి ఉన్న పాత చిత్రాన్ని 2020లో గోడ మీంచి దించారు. ఆ పిల్లవాడు ఎవరో తెలుసుకోవడానికి పరిశోధన చేసి, తర్వాత వివరాలతో మళ్లీ పెట్టారు. పిల్లవాడి పేరు మాత్రం దొరకలేదు.

ఇవి పాత సంగతులే కదా అనేవాళ్లకు ఇటీవలిది ఒకటి. 2018లో హార్వర్డ్ అడ్మిషన్ల మీద బాస్టన్ కోర్టులో విచారణ జరిగినప్పుడు లోపలి లెక్కలు బయటికొచ్చాయి. పూర్వ విద్యార్థుల పిల్లలు దరఖాస్తు చేస్తే దాదాపు మూడో వంతు మందికి సీటు దొరికింది. మిగతావాళ్లలో వందకు ఆరుగురికి కూడా దొరకలేదు. ఆ సీటు రాని మన పిల్లలు తమకు తెలివి లేదని కుమిలిపోకుండా ఉండాలంటే ఈ లెక్క కూడా వాళ్లకు తెలియాలి.

శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యం ఉంది, ‘హార్వర్డ్‌లో వెలిగిన తెలుగుతేజం’ అని. ఆ వెలుగు నిజమే. భీమవరంలో పుట్టిన ఆయన హార్వర్డ్‌లో చదువుకుంటూ ఆసుపత్రిలో మలమూత్రాల పాత్రలు కడిగి పొట్టపోసుకున్నారు. 1925లో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, 1927లో ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత ఏటీపీ, ఇలా కండరాలకు శక్తినిచ్చే పదార్థాల మీద పనిచేశారు, 1930లో పీహెచ్‌డీ పొందారు. కానీ హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు. ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్ మందులు, మన బోదకాలు వ్యాధికి వాడే మందు, అవన్నీ ఆయన అక్కడ నడిపిన పరిశోధనల్లోంచి వచ్చినవే. హార్వర్డ్ ఆయన్ను నిలబెట్టుకోలేదన్న ముక్క లేకుండా ఆయన పేరు చెప్పడం ఆయనకు అన్యాయం చేసినట్టే.

ఇంత పట్టుదలగా రాయడానికి కారణం ఉంది. నేను ఎరిగిన ఒక కాలేజీలో కొత్త భవనంలోకి మారేటప్పుడు పాత అడ్మిషన్ రిజిస్టర్లు, పుస్తకాల నమోదు పుస్తకాలు, దాతల ఉత్తరాలు తూకానికి అమ్మేశారు. వద్దని చెప్పినా వినలేదు. అందులో మొట్టమొదట చేరిన ఆడపిల్లల పేర్లున్నాయి, హాస్టల్లో ఏ కులం వాళ్లను ఏ పంక్తిలో కూర్చోబెట్టారో ఉంది, స్థలం ఎవరిచ్చారో ఉంది. రేపు ఎవరైనా ఆ కాలేజీ చరిత్ర రాద్దామంటే గోడ మీది శిలాఫలకం తప్ప ఏమీ లేదు. మన దగ్గరా నూరేళ్లు దాటిన కాలేజీలు ఉన్నాయి. మచిలీపట్నం నోబుల్ కాలేజీ 1843 నాటిది. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో పుట్టింది.

కాబట్టి నా మనవులు మూడు. ఐవీ లీగ్ విషయంలో దొర్లిన తప్పుకు సవరణ వేయండి. యేల్, మద్రాసు సంబంధం మీద ఒక పూర్తి వ్యాసం చరిత్ర తెలిసినవాళ్లతో రాయించండి. దాని పక్కనే, పాత రిజిస్టర్లు ఉన్న కాలేజీల ప్రిన్సిపాళ్లు వాటిని తూకానికి వేయకుండా రాష్ట్ర ఆర్కైవ్స్ వాళ్లను సంప్రదించమని నాలుగు లైన్లు వేయండి. సెలవుల్లో గదులు శుభ్రం చేయించేటప్పుడే ఈ కాగితాలు పోతాయి, ఆలోపు అచ్చయితే మేలు.

ఇట్లు,
ఒక విశ్రాంత లైబ్రేరియన్,
మచిలీపట్నం