కనబడనిది కనబడదని తెలియదు

చిన్నా,

"రోడ్డు ఖాళీగా ఉందమ్మా, రెండు పక్కలా చూశాకే కారు తిప్పాను. ఆ బైకు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో!" అన్నావు నిన్న. నీకు ఖాళీగానే కనిపించి ఉంటుంది. గొడవంతా అందులోనే ఉంది.

ఒక తెల్లకాగితం తీసుకో. ఎడమవైపు చిన్న ప్లస్ గుర్తు పెట్టు. దానికి కుడివైపున, అదే వరసలో, 8 సెంటీమీటర్ల దూరంలో బఠాణీ గింజంత నల్లచుక్క దిద్దు. ఎడమకన్ను మూసి, కుడికంటితో ప్లస్‌నే చూస్తూ కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం నుంచి మెల్లగా దగ్గరికి తీసుకురా. దాదాపు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. ఇంకా దగ్గరికి తెస్తే మళ్ళీ వస్తుంది. మాయం కాలేదంటే నీ చూపు చుక్క మీదికి జారినట్టే. చాలామంది చేసేది అదే. లేదంటే కాగితం ఏటవాలుగా పట్టుకుని ఉంటావు.

స్కూల్లో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నావే, ఆ అంధచుక్క ఇదే. 1660ల్లో ఫ్రాన్సులో మారియట్ అనే ఆయన కనిపెట్టాడు. మన రెటీనాలో, అంటే కంటి వెనక పొరలో, వెలుతురు పసిగట్టే కణాలు వెనక, వాటి నరాల తీగలు ముందు. సుమారు పది లక్షల తీగలు ఒకచోట కట్టగట్టుకుని రెటీనాను చీల్చుకుని బయటికి పోవాలి. ఆ చోట కణాలు ఉండవు. ఆక్టోపస్‌కి తీగలు వెనకనుంచే పోతాయి కాబట్టి ఈ తంటా లేదు. చిన్న కన్నమే కదా అనుకోకు, పక్కపక్కన పది పున్నమి చంద్రుళ్ళు పడతారు.

ఇప్పుడు చుక్క బదులు ఒక అడ్డగీత గీసి, చుక్క ఉండే చోట సెంటీమీటరు తెంపి వదిలెయ్. మళ్ళీ అలాగే చూడు. గీత అతుక్కుపోతుంది! ఎర్రకాగితమైతే కన్నం ఎర్రగా నిండుతుంది. సమాచారం లేనిచోట మెదడు నల్లగా వదలదు, చుట్టుపక్కల ఉన్నదాంతో పూసేస్తుంది. పూశానని చెప్పదు.

రోడ్డు సంగతి ఇంకాస్త వేరు. అద్దంలో నీ ఎడమకంటిని చూసి, తర్వాత కుడికంటిని చూడు. నీ కళ్ళు కదలడం నీకెప్పటికీ కనబడదు. పక్కనున్నవాడికి మాత్రం స్పష్టంగా కనబడుతుంది. చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతేటప్పుడు మెదడు ఆ మధ్య మసకను తొక్కిపెట్టి, రెండు కొసలనూ కలిపేస్తుంది. తల గిర్రున తిప్పి చూస్తే, చూపు ఆగిన చోట్లే సరిగ్గా చూసినట్టు. దానికి తోడు కారు ముందద్దం పక్కనుండే స్తంభం ఒక బైకును దాచడానికి చాలు. అందుకని ఒక్కో పక్క రెండు మూడు చోట్ల చూపు ఆపు, మెడ ముందుకీ వెనక్కీ జరుపు, రెండోసారి చూడు.

ఈ పూత పూసే గుణం వల్లే నీటికాసుల జబ్బు (గ్లకోమా) చాలామందిలో ముదిరేదాకా బయటపడదు. వాళ్ళకి నొప్పి ఉండదు. పక్కచూపు పోతున్నా నల్లమచ్చ కనబడదు, ఒక కంటి లోటు ఇంకో కన్ను పూడుస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. మీ నాన్నకి నలభై దాటి చాలా ఏళ్ళయింది, ఈసారి వచ్చినప్పుడు పరీక్షకి నువ్వే తీసుకెళ్ళు. కంటిప్రెషర్ ఒక్కటే చూసి పంపిస్తే ఒప్పుకోకు, కంటినరం చూడమను. అనుమానముంటే ఫీల్డ్ టెస్ట్ చేస్తారు. ఒక్కో కంటికి ఐదారు నిమిషాలు, నడిమి దీపాన్నే చూస్తూ పక్కన వెలుగు మెరిసినప్పుడల్లా బటన్ నొక్కాలి. మధ్యమధ్యలో మిషను కావాలనే అంధచుక్కలో వెలుగు వేస్తుంది. దానికీ నొక్కారంటే చూపు పక్కకి పోయిందని పట్టేస్తుంది. నాన్నకి ముందే చెప్పు, దిక్కులు చూడొద్దని.

అమ్మ