నల్ల జాడీ ఎందుకు ఖాళీగా ఉందంటే

అందరికీ నమస్కారం. కౌంటర్ మీద నల్ల జాడీ బోర్లించి ఉండటం చూసి పోయిన వారం నుంచి చాలామంది అడుగుతున్నారు. అద్దానికి ఇంగ్లీషులో రెండు లైన్ల నోటీసు అంటించాను. కానీ న్యూజెర్సీలో ఈ మూల నుంచి ఆ మూల దాకా ఎక్కడెక్కడి నుంచో కారు వేసుకుని ఏళ్ల తరబడి మన పైపు పొగాకు షాపుకే వస్తున్న మీకు రెండు లైన్లతో సరిపెట్టడం నాకు మనసొప్పలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సెప్టెంబరు మధ్య నుంచి నవంబరు ఆఖరు దాకా ఆ జాడీలోంచి మీరు కొన్నది మీరనుకున్న పొగాకు కాదు. అందులో ఉండాల్సిన లటాకియా, అంటే పొగ పట్టించిన ఆకు, సగానికి పైగా తగ్గించి, ఆ జాగాలో బ్లాక్ కావెండిష్ అనే వేరే పొగాకు నింపి, అదే పేరుతో అదే ధరకి సరఫరాదారు నాకు పంపారు. వాళ్లు చెప్పలేదు, నేను కనిపెట్టలేదు. పదకొండు వారాలు మీకు అమ్మాను.

మన జాడీ లెక్క పాతవాళ్లకి తెలుసు. పది పాళ్లలో ఐదు వర్జీనియా, రెండు ఓరియంటల్, మూడు లటాకియా. వర్జీనియాది ఎండుగడ్డి వాసన, దాని వెనక తీపి. ఓరియంటల్ ఆకు చిన్నది, కాస్త పులుపు, పోపుల డబ్బా మూత తీసినప్పుడు వచ్చేలాంటి ఘాటు. ఇక లటాకియా అంటే అంతా పొగే. సైప్రస్‌లో ఆకుని ముందు ఎండలో ఆరబెట్టి, తర్వాత కొట్టాల్లో వేలాడదీసి, కింద పైన్, మిర్టిల్, మాస్టిక్ లాంటి వాసన కట్టెలు మంట లేవకుండా రాజేసి, ఆకు నల్లబడేదాకా వారాల తరబడి పొగ పట్టిస్తారు. పేరు సిరియాలోని రేవుపట్నానిది కానీ ఇప్పుడు బయట దొరికేది దాదాపు అంతా సైప్రస్ ఆకే. పైపు వెలిగించగానే సాంబ్రాణి వేసిన ఇల్లూ, కట్టెల పొయ్యి ఉన్న పాత వంటిల్లూ రెండూ ఒకేసారి గుర్తొస్తాయని మీలో ఒకరు అన్నారు, అంతకంటే బాగా నేను చెప్పలేను.

బ్లాక్ కావెండిష్ కూడా నల్లగానే ఉంటుంది. కానీ అది పొగ వల్ల వచ్చిన నలుపు కాదు. ఆకుని ఆవిరి మీద మగ్గబెడితే వచ్చిన నలుపు, చాలాసార్లు తీపి కూడా కలుపుతారు. చెడ్డ పొగాకు అనను, దాన్నే కావాలనుకుని కొనుక్కునేవాళ్లు మన షాపులోనే ఉన్నారు. పట్టుకుని చూస్తే తేడా తెలిసిపోతుంది: లటాకియా పొడిగా, చిన్న ముక్కలుగా, మెరుపు లేకుండా ఉంటుంది, కావెండిష్ మెత్తగా, తడిగా, నిగనిగలాడుతుంది. లటాకియా నెమ్మదిగా, చల్లగా కాలుతుంది. తడి ఎక్కువైన ఆకు ఆవిరి ఎక్కించి నాలుక మండిస్తుంది, పైపు అడుగున గురగురమని నీళ్లు చేరతాయి.

సరిగ్గా ఇదే మాట అక్టోబరులో మాష్టారు వచ్చి చెప్పారు. "ఏమయ్యా, ఇందులో పొగ ఏదీ? నాలుక మండుతోంది" అన్నారు. నేనేం చెప్పానో నాకు బాగా గుర్తుంది. వానల వల్ల గాలిలో తేమ ఉంది మాష్టారూ, పేపరు మీద అరగంట ఆరబెట్టుకోండి అన్నాను. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, నలభై ఏళ్లుగా పైపు తాగుతున్న మనిషి చెబుతుంటే జాడీ మూత తీసి వాసన చూడకుండా నేనే ఆయనకి పాఠం చెప్పాను. ఆ తర్వాత ఇంకో ఇద్దరు అదే చెప్పారు, వాళ్లకీ అదే జవాబు. ముగ్గురికీ క్షమాపణ చెబుతున్నాను.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. మాది ప్రకాశం జిల్లా, మా నాన్న వర్జీనియా పొగాకు రైతు. ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో కర్రలకి ఆకు కట్టే దగ్గర కూర్చుని పెరిగాను. అక్కడ నిప్పు వేడి ఇనుప గొట్టాల్లోంచి వెళ్తుంది, పొగ మాత్రం ఆకుకి తగలకూడదు. ఒక ఏడాది గొట్టం పగిలి ఒక కాపు ఆకంతా పొగచూరితే నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు, వేలంలో ఆ బేళ్లు ఎవరూ పాడక నో బిడ్ అయ్యాయి. చీకట్లో ఆకు చేతికిస్తే పొగ తగిలిందో లేదో వాసనతో చెప్పేవాడు ఆయన. ఆయన కొడుకుని, పొగే ప్రాణమైన ఆకుని అమ్ముకుంటూ, దాంట్లో పొగ లేదని తెలుసుకోలేకపోయాను. నవంబరు ఆఖర్లో కొత్త సంచి విప్పి, అలవాటుగా కాకుండా చేతిలోకి తీసుకుని చూసిన రోజు గానీ బుర్రకెక్కలేదు.

సరఫరాదారుకి ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. తొమ్మిదేళ్లుగా వాళ్ల దగ్గరే కొంటున్నాను. దాచలేదు, లటాకియా దొరకడం కష్టంగా ఉంది, రెసిపీ కొంచెం సర్దాం అన్నారు. దొరక్కపోవడం నాకు అర్థమవుతుంది, ఏ పంటైనా అంతే, మా ఇంట్లో అది చూడని ఏడాది లేదు. చెప్పకపోవడమే అర్థం కాదు. "మామూలు కస్టమర్లకి తేడా తెలియదులే" అన్న మాట దగ్గర నేను ఫోన్ పెట్టేశాను. నా కస్టమర్లకి తెలిసింది, తెలియనిది నాకు. ఆ మాట మీ గురించి అన్నందుకు వాళ్ల దగ్గర ఇక ఒక్క ఔన్సు కూడా కొనను. ఇది పంతం అని మా ఆవిడ అంటోంది, కావచ్చు. మిగిలిన రెండు సంచులు తిరిగి పంపేశాను.

నువ్వే కలపొచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. 2016 ఆగస్టు నుంచి ఇక్కడి చట్టం ప్రకారం షాపులో కలిపి అమ్మితే నన్ను తయారీదారు కింద లెక్కేస్తారు. ఆ రిజిస్ట్రేషన్లూ అనుమతులూ నాలాంటి చిన్న షాపు మోయలేదు. వేరే కంపెనీది తెచ్చి ఆ జాడీలో పోద్దామా అని వారం రోజులు నిద్ర లేకుండా ఆలోచించాను. మూడు రకాలు తెప్పించుకుని తాగి చూశాను. ఒకటి దగ్గరగానే ఉంది, పోసేస్తే చాలామంది ఏమీ అనరు కూడా. కానీ దగ్గరగా ఉందిలే అని సర్దుకున్నవాళ్ల మీదే కదా నాకింత కోపం. అందుకే సరైన ఆకు దొరికేదాకా జాడీ ఖాళీగానే ఉంటుంది.

లోపల గదిలో నా సొంతానికి దాచుకున్న అసలు సైప్రస్ లటాకియా రెండు పౌండ్లు ఉంది. దీని గురించే ఎక్కువ తన్నుకులాడాను. వర్జీనియా అయితే ఏళ్లు గడిచేకొద్దీ బాగుపడుతుంది, దాచుకోవచ్చు. లటాకియా అలా కాదు, జాడీలో ఉండి ఉండి పొగ వాసన మెత్తబడిపోతుంది. దాచుకున్నా పదేళ్లకి సగం మనిషే మిగులుతాడు. కాబట్టి అమ్మేస్తున్నాను. నా పుస్తకంలో నల్ల జాడీ వాళ్లు ఇరవై ఎనిమిది మంది ఉన్నారు, ఒక్కొక్కరికి ఒక ఔన్సు, నేను కొన్న ధరకే. విడిగా వర్జీనియా, ఓరియంటల్ కూడా ఉన్నాయి. పైన నేను చెప్పిన లెక్కలో మీరు ఇంట్లో కలుపుకుంటే మూడు ఔన్సులకి పైనే వస్తుంది. కలిపాక గాజు సీసాలో మూత బిగించి రెండు మూడు వారాలు వదిలేయండి, వెంటనే తాగితే మూడూ మూడు దారులుగా ఉంటాయి.

డబ్బు విషయం: ఆ పదకొండు వారాల్లో కొన్నవాళ్లు సంచి ఖాళీ అయినా సరే తెండి, పూర్తిగా వాపసు ఇస్తాను, బిల్లు అక్కర్లేదు. బదులుగా వేరే పొగాకు ఊరికే ఇవ్వమంటే మాత్రం కుదరదు, శాంపిల్స్ ఇవ్వడం కూడా అదే చట్టంలో ఆగిపోయింది. మిగతా జాడీలన్నీ ఒక్కొక్కటీ విప్పి చూశాను, వాటిల్లో తేడా లేదు. పెరీక్ అనే లూసియానా పొగాకు వేరే చోటు నుంచి వస్తుంది, అది మామూలుగానే ఉంది.

సోమవారం సెలవు, మిగతా రోజుల్లో నేనే ఉంటాను. మాష్టారూ, మీ ఔన్సు పొట్లం కట్టి పక్కన పెట్టాను. చలి ఎక్కువగా ఉంది, మీరు రావద్దు, ఆదివారం షాపు కట్టేశాక నేనే తెచ్చిస్తాను.