ఏడాది తేలాకే కథ
సంపాదకులకు నమస్కారం.

విక్టోరియా కాలపు బాలకార్మికులపై పిల్లల నవలలు రాసేవారు ముందు ఏడాది తేల్చుకోవాలి. 1850 నాటి బ్రిటన్ బొగ్గుగనిలోకి ఎనిమిదేళ్ల పాపను దించితే అది నేరం. స్త్రీలూ, పదేళ్లలోపు బాలురూ భూగర్భంలో పనిచేయకూడదని 1842లోనే చట్టమైంది. (దొంగచాటుగా దించారంటారా, అదే కథ చేయండి!) అంతకుముందైతే, చీకట్లో గాలితలుపు తాడు పట్టుకు కూర్చున్న పిల్లాణ్ని చూపండి. బొగ్గుబండి దాటగానే తలుపు మూయాలి. తెరిచే ఉంటే గాలి దగ్గరదారి పట్టి పోతుంది, తవ్వేచోట మండే వాయువు పేరుకుంటుంది, దీపం తగిలితే పేలుడే. వాడి కళ్లు మూతలు పడుతుంటే పాఠకుడికి గుండె దడ పుట్టాలి. కొరడా మేస్త్రీతో పనేముంది? నూలుమిల్లులోనూ అంతే: నూలు వడికే మ్యూల్ యంత్రంలో కదిలే బండి వెనక్కి వచ్చేలోపు, కింద దూది ఏరే పిల్ల బయటపడాలి.

– ఒక పాఠకుడు