ఆ పుస్తకం అచ్చయింది మన హైదరాబాద్‌లోనే

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో శిలువ యుద్ధాల మీద, అంటే జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవ సైన్యాలు చేసిన క్రూసేడ్ల మీద, వచ్చిన వ్యాసం చదివాను. ఆ రెండు వందల ఏళ్ళూ ముస్లిం పండితులంతా ఒకే గొంతుతో కత్తి పట్టమన్నారని అందులో ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైన వాణ్ణి, ఆ వాక్యం మింగుడు పడలేదు.

1099లో జెరూసలేం ఆ క్రైస్తవ సైన్యాల చేతికి పోయినప్పుడు సిరియాలోని డమాస్కస్ ఖాజీ (న్యాయాధికారి) అల్ హరవీ బాగ్దాద్ వెళ్ళి ఖలీఫా దగ్గర మొరపెట్టుకున్నాడు. విన్నవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు, సైన్యం మాత్రం కదల్లేదు. 1105లో అల్ సులమీ అనే పండితుడు డమాస్కస్ శివారు మసీదులో జిహాద్ మీద తను రాసిన పుస్తకం చదివి వినిపిస్తే వచ్చినవాళ్ళు కొద్దిమందే. ఆయన యుద్ధం చేయమనే చెప్పాడు, అందులో దాచేదేమీ లేదు. కాకపోతే ముందు మీ లోపలి చెడుతో పోరాడండి, మీలో మీరు కొట్టుకోవడం ఆపండి అన్నాడు. అప్పటి సిరియా ప్రభువులు ఒకరినొకరు పడగొట్టుకునే పనిలో ఉన్నారు మరి.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఆ కాలపు చరిత్ర రాసిన సిబ్త్ ఇబ్నుల్ జౌజీ గురించి. సిబ్త్ అంటే కూతురి కొడుకు. బాగ్దాద్‌లో పెద్ద పేరున్న ఉపన్యాసకుడు ఇబ్నుల్ జౌజీకి ఈయన మనవడు. తాత మాట నేర్పు మనవడికీ వచ్చింది. డమాస్కస్‌లో ఆయన మాట్లాడుతున్నాడంటే మసీదు నిండిపోయేది. 1229లో ఈజిప్టు సుల్తాన్ అల్ కామిల్ యుద్ధం లేకుండానే, ఒప్పందం మీద జెరూసలేంను జర్మన్ చక్రవర్తి రెండో ఫ్రెడరిక్‌కి అప్పగించాడు. అల్ అఖ్సా మసీదు, రాతి గుమ్మటం (డోమ్ ఆఫ్ ది రాక్) ఉన్న ఆవరణ మాత్రం ముస్లింల చేతుల్లోనే ఉండేట్టు మాట్లాడుకున్నారు. డమాస్కస్ భగ్గుమంది. అక్కడి పాలకుడు అల్ నాసిర్ దావూద్ సిబ్త్‌ను పిలిపించి, పెద్ద మసీదులో దీని మీద మాట్లాడమన్నాడు. ఆయన మాట్లాడాడు, జనం గుండెలు బాదుకుని ఏడ్చారు.

ఇక్కడి దాకా చదివి పుస్తకం మూసేస్తే మీ వ్యాసకర్త రాసిందే నిజమనిపిస్తుంది. మూయకండి. ఆ దావూద్‌కి అల్ కామిల్ స్వయానా తండ్రి తోబుట్టువు. డమాస్కస్‌ను లాక్కోవాలని చూస్తున్నవాడూ ఆయనే. అంటే ఆ ఉపన్యాసంతో దావూద్‌కు కావలసింది జెరూసలేం ఒక్కటే కాదు, తన కుర్చీ కూడా. పదేళ్ళ ముందు, 1219లో, శత్రువు చేతికి చిక్కితే వాడుకుంటాడన్న భయంతో జెరూసలేం కోటగోడలు కూల్పించింది ఈ దావూద్ తండ్రి అల్ ముఅజ్జమే. ఇక ఉపన్యాసం అయిన పదిహేనేళ్ళకు జెరూసలేంను మళ్ళీ క్రైస్తవులకే ఒప్పజెప్పిన పొత్తులో దావూదూ ఉన్నాడు! ఆ రోజు ఏడ్చినవాళ్ళ దుఃఖం నిజమైనదే. దాన్ని వాడుకున్నవాడి లెక్క వేరు. ఈ రోజుల్లో టీవీ చర్చలు చూసేవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను.

సిబ్త్ దావూద్ మనిషే అయినా చూసింది, విన్నది రాశాడు. ఫ్రెడరిక్ జెరూసలేం వచ్చినప్పుడు ఆయన్ను నొప్పించకూడదని నబ్లుస్ పట్నం ఖాజీ అజాన్ (ప్రార్థన పిలుపు) ఆపించాడట. నా కోసం మీ పద్ధతి ఎందుకు మార్చుకున్నారని చక్రవర్తే తప్పుపట్టాడట. చక్రవర్తి రూపం గురించి అక్కడి పనివాళ్ళు చెప్పుకున్న మాట కూడా ఉంది: బట్టతల, చూపు ఆనదు, బానిసగా అమ్మితే 200 దిర్హాములు కూడా రావు. ఇంత పెద్ద విషాదం రాస్తూ ఈ మాట కూడా రాసిపెట్టుకున్న మనిషి నాకు భలే నచ్చాడు.

ఇంకో ఇద్దరి సంగతి. 1240 ప్రాంతంలో అప్పటి డమాస్కస్ పాలకుడు (దావూద్ కాదు) క్రైస్తవ సైన్యంతో చేయి కలిపి, వాళ్ళు ఊళ్ళోకి వచ్చి ఆయుధాలు కొనుక్కోవచ్చన్నాడు. పెద్ద మసీదులో శుక్రవారం ఉపన్యాసం ఇచ్చే ఖతీబ్ ఇజ్జుద్దీన్ ఇబ్న్ అబ్దుస్సలామ్ ఆ అమ్మకం తప్పని ఫత్వా ఇచ్చి, శుక్రవారం ప్రార్థనలో పాలకుడి పేరు తీసేశాడు. జైలుకు వెళ్ళాడు, తర్వాత ఈజిప్టు చేరాడు. ఆయన ధిక్కరించింది పరాయి రాజును కాదు, సొంత రాజును.

రెండోవాడు ఆ యుద్ధాల చివరి రోజుల్లో పుట్టిన డమాస్కస్ పండితుడు ఇబ్న్ తైమియ్యా. ఈయన పేరు ఎత్తితే చాలామందికి టెన్షన్. 1305లో లెబనాన్ కొండల్లోని షియాల మీద దండయాత్రను సమర్థించిన మనిషే, కఠినుడే. అయితే మంగోలులు పట్టుకుపోయిన ఖైదీల కోసం వెళ్ళినప్పుడు, ముస్లింలను మాత్రమే వదులుతామంటే ఒప్పుకోలేదు. మా రక్షణలో ఉన్న యూదులను, క్రైస్తవులను కూడా వదలాల్సిందేనని పట్టుబట్టి విడిపించాడు. ఈ సంగతి సైప్రస్‌లోని ఒక క్రైస్తవ ప్రభువుకు రాసిన ఉత్తరంలో ఆయనే చెప్పుకున్నాడు. మంగోలుల కింద ఉన్న మార్దిన్ పట్నం (ఇప్పటి టర్కీలోది) గురించి ఆయన ఇచ్చిన ఫత్వా కథ మరీ విచిత్రం. అక్కడ ధర్మం తప్పినవాళ్ళతో వాళ్ళకు తగినట్టు వ్యవహరించాలి అన్న చోట, 1909 నాటి అచ్చులో వాళ్ళతో యుద్ధం చేయాలి అని పడింది. 'యుఆమల్' కాస్తా 'యుఖాతల్' అయింది, అరబ్బీ లిపిలో రెండక్షరాల తేడా. 1981లో ఈజిప్టు అధ్యక్షుడు సాదాత్‌ను చంపిన ముఠా సిద్ధాంతకర్త తన కరపత్రంలో ఈ ఫత్వానే చూపించాడు. పాత రాతప్రతితో పోల్చి, 2010లో మార్దిన్‌లోనే పండితులు సభ పెట్టి తప్పును బయటపెట్టారు.

ఇంతకూ మీకు ఎందుకు రాస్తున్నానంటే, సిబ్త్ రాసిన చరిత్రలో ఈ కాలపు భాగం 1951-52లో అచ్చయింది హైదరాబాద్‌లో. 1888లో నిజాం కాలంలో పుట్టిన, పాత అరబ్బీ పుస్తకాలు అచ్చువేసే దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ దాన్ని వేసింది. ఆయన తాత రాసిన చరిత్ర, అల్ హరవీ కాలపు సంగతులున్నది, అదీ అక్కడే అచ్చయింది. ఇప్పుడా సంస్థ ఉస్మానియా క్యాంపస్‌లో ఉంది. మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాలు. అరబ్బీ రాని నేను ఆ సంగతులు ఇంగ్లిషు అనువాదాల్లో చదువుకోవాల్సి వచ్చింది. తెలుగులో నేనైతే ఒక్క పేజీ చూడలేదు.

మొత్తం పుస్తకం అక్కర్లేదు. 1229 నాటి ఆ ఇరవై, ముప్పై పేజీలు, సైప్రస్‌కు రాసిన ఉత్తరం చాలు. యూనివర్సిటీలో అరబ్బీ శాఖ ఉంది, తెలుగు శాఖ ఉంది. వాళ్ళిద్దరూ కూర్చుని తర్జుమా చేస్తే, తప్పు వాక్యం వేసిన అదే ఆదివారం పేజీలో మీరు వారం వారం వేయగలరా?

— రిటైర్డ్ చరిత్ర అధ్యాపకుడు, తార్నాక, హైదరాబాద్